యుద్ధ సినిమాల్లో మీరు పట్టుకునే తప్పులు, పట్టుకోని తప్పులు

సినిమాలకి సౌండ్ ఎఫెక్ట్స్ చేయడం నా పని. యుద్ధ సినిమా ఏది రిలీజైనా తెలిసినవాళ్లంతా "ఆ తుపాకీ అప్పటికి రాలేదు కదా", "ఆ బ్యాడ్జి తప్పు కదా" అని నన్ను పట్టుకుంటారు. మంచిదే. కానీ అసలు నిలదీయాల్సినవి వేరే ఉన్నాయి.

అపోహ: నిజమైన తుపాకీని రికార్డు చేసి పెడితే నిజమైన శబ్దం వస్తుంది.

రాదు. రైఫిల్ పేలితే పక్కనే ఉన్నవాడికి 150 డెసిబెల్స్ దాటుతుంది, మామూలు మైకు ఆ మోతని తట్టుకోలేదు, రికార్డింగ్ వింటే ఎండుపుల్ల విరిచినట్టు 'టప్' మంటుంది అంతే. అది వినిపిస్తే డైరెక్టర్ "పంచ్ లేదు బాస్" అంటాడు. అందుకే బోల్టు కదిలే చప్పుడు ఒక లేయరు, పేలుడు ఒక లేయరు, ఛాతీకి తగిలే బేస్ ఇంకొకటి, చివర్లో కొండల ప్రతిధ్వని, ఇవన్నీ కలిపితే ఒక్క తూటా. ఇంకో సంగతి: ఏకే-47 తూటా సెకనుకి దాదాపు 715 మీటర్లు పోతుంది, ధ్వని 340 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి మనవైపు కాలిస్తే ముందు చెవి పక్కన తూటా 'ఛట్' మని వినపడి, తుపాకీ 'ధబ్' మనడం ఆ తర్వాత వినపడుతుంది. ఆ రెండింటి మధ్య ఎడాన్ని బట్టే కాల్చినవాడు ఎంత దూరంలో ఉన్నాడో సైనికులు అంచనా వేస్తారు. కిలోమీటరు అవతల బాంబు పేలినా అంతే, మంట కనపడ్డాక మూడు సెకన్లకి గానీ మోత రాదు. థియేటర్లో అలా పెట్టి చూడండి, సింక్ పోయిందని గోల చేస్తారు. ఈ అబద్ధాలకి నాకేం సిగ్గు లేదు, వీటివల్ల ఎవరి చరిత్రా మారదు.

అపోహ: రిటైర్డ్ ఆఫీసర్ సలహాదారు, రక్షణ శాఖ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా ఉంది, అంటే కథ నిజమే.

సెల్యూట్ ఎలా కొట్టాలి, ఆయుధం ఎలా పట్టుకోవాలి అన్నది సలహాదారు చెబుతారు. క్లైమాక్స్‌లో ఎవరు చావాలో ఆయన్ని ఎవరూ అడగరు. ఇక సైన్యం మీద తీసేవాటికి ఎన్‌ఓసీ తీసుకోమని 2020లో రక్షణ శాఖ సెన్సార్ బోర్డుకి లేఖ రాసింది నిజమే, కానీ అందులో ఆందోళన సైన్యం పరువు గురించి, తేదీల గురించి కాదు.

అపోహ: సినిమా కోసం చిన్న చిన్న మార్పులే చేస్తారు, అసలు విషయం మారదు.

1997లో వచ్చిన 'బోర్డర్' చూసినవాళ్లని రాజస్థాన్ సరిహద్దులోని లోంగేవాలా పోస్టులో జరిగిన అసలు యుద్ధంలో మనవాళ్లు ఎంతమంది చనిపోయారని అడగండి. పోస్టులో సగం మంది అంటారు. 1971 డిసెంబరు 4 రాత్రి మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి దగ్గర ఉన్నది 120 మంది దాకా, ఎదురుగా వచ్చినవి పాకిస్తాన్ ట్యాంకులు, తెల్లారితే గానీ జైసల్మేర్ నుంచి హంటర్ విమానాలు రాలేవు. అయినా మనవైపు పోయింది ఇద్దరే. ఆ కథలో అద్భుతం అదే కదా! సినిమాకి మాత్రం శవాలు కావాలి. సునీల్ శెట్టి వేసిన భైరోన్ సింగ్ పాత్ర తెర మీద వీరమరణం పొందుతుంది. ఆ పోస్టులో నిజంగా పోరాడిన భైరోన్ సింగ్ రాథోడ్ సినిమా వచ్చాక ఇంకో పాతికేళ్లు బతికి, 2022 డిసెంబరులో జోధ్‌పూర్‌లో కన్నుమూశారు. బతికున్న మనిషిని, అదీ పేరుతో సహా, తెర మీద చంపడాన్ని నేను 'చిన్న మార్పు' అనలేను. బ్యాడ్జి తప్పైతే వదిలేస్తా గానీ ఇది వదలను.

మొదట్లో 'ఇది కల్పితం' అని కార్డు వేశారుగా అంటారు. ఆ కార్డు పడేసరికి జనం ఇంకా సీటు నంబరు వెతుక్కుంటూ ఉంటారు.

అపోహ: ఉన్నదున్నట్టు తీస్తే బోరు కొడుతుంది.

అదే 1971 యుద్ధంలో విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ 'ఘాజీ' సంగతే చూడండి. 2017లో వచ్చిన సినిమాలో దాన్ని ముంచేది మన సబ్‌మెరైన్. మన నేవీ మాత్రం డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ రాజ్‌పుత్ డెప్త్ చార్జీలు (నీటి లోపల పేలే బాంబులు) వేసి ముంచిందని అంటుంది, పాకిస్తాన్ వాళ్లు ప్రమాదవశాత్తూ పేలిందంటారు. సినిమా చెప్పింది ఈ రెండూ కాని మూడోది. (సబ్‌మెరైన్ సెట్ వెడల్పుగా ఉందన్న ఫిర్యాదు మాత్రం వదిలేయండి, విశాఖ ఆర్కే బీచ్‌లో మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ ఐఎన్ఎస్ కురుసుర లోపల ఒకసారి నడిస్తే అక్కడ కెమెరా పెట్టడం ఎంత కష్టమో మీకే తెలుస్తుంది.)

మరి అసలు కథ? ఘాజీ వెతుకుతున్నది విమానవాహక నౌక విక్రాంత్‌ని. దాన్ని అండమాన్ వైపు దాచేసి, తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ ఎప్పుడో రెండో ప్రపంచ యుద్ధం నాటి ఆ రాజ్‌పుత్‌ని విక్రాంత్‌లా నటించమన్నారు. వైర్‌లెస్‌లో పెద్ద నౌకకి ఉండేంత సందడి, రేవులో అంత సిబ్బందికీ సరిపడా సరుకుల ఆర్డర్లు. చివరికి విక్రాంత్ మీదున్న ఒక నావికుడు 'అమ్మకి సీరియస్‌గా ఉందట, ఎలా ఉంది' అని అడుగుతున్నట్టు దొంగ టెలిగ్రాం ఒకటి, శత్రువు వినాలనే కోడ్ లేకుండా పంపించారు. ఇంత టెన్షన్ ఉన్న సీను ఏ రైటర్‌కి తడుతుంది? నాకైతే టార్పెడోల కన్నా ముందు దీనికి సౌండ్ చేయాలని ఉంది. ఒక వైర్‌లెస్ గది, ఇద్దరు ఆర్టిస్టులు చాలు, గ్రాఫిక్స్ ఖర్చు కూడా లేదు.