సూది లోపల ఎందుకు బిగుసుకుంటుంది?

ఆక్యుపంక్చర్ చేసేవాళ్ల వేళ్లకు బాగా అలవాటైన అనుభవం ఒకటుంది. సన్నటి సూదిని దించి అటూఇటూ తిప్పుతుంటే ఒక దశలో అది బిగుసుకుంటుంది. పైకి లాగితే రాదు సరికదా, చుట్టూ ఉన్న చర్మం గుడారంలా లేస్తుంది. గుచ్చించుకున్న మనిషికి అక్కడ బరువుగా, తిమ్మిరిగా, లోపల ఏదో పీకినట్టు ఉంటుంది. చైనా వైద్యులు దీన్ని ‘ద చీ’ అంటారు. చీ, అంటే ప్రాణశక్తి, వచ్చి అందిందని భావం. చేప ఎర మింగినప్పుడు గాలం మునిగి తేలినట్టు ఉంటుందని 13వ శతాబ్దంలో దో హాన్‌చింగ్ అనే వైద్యుడు పోల్చాడు. గాలం పట్టిన చెయ్యి ఎవరిదైనా ఈ పోలిక వెంటనే తెలుస్తుంది.

అమెరికా దృష్టి ఆక్యుపంక్చర్ మీద పడింది 1971లో. న్యూయార్క్ టైమ్స్ పాత్రికేయుడు జేమ్స్ రెస్టన్‌కు బీజింగ్‌లో అపెండిక్స్ ఆపరేషన్ జరిగింది, ఆ అనుభవాన్ని జులైలో తన పత్రికలో రాశాడు. ఆయనకు సూదులతోనే మత్తిచ్చి కోశారని ఇప్పటికీ చెప్పుకుంటారు కానీ, అది నిజం కాదు. ఆపరేషన్‌కు ఇచ్చింది మామూలు మత్తు ఇంజెక్షనే. తర్వాత వచ్చిన కడుపు ఉబ్బరానికి సూదులు వేశారు.

ఆ వేడిలో మొదలైన పరిశోధన నేరుగా నరాల వైపు, మెదడు వైపు వెళ్లింది. 1975లో మెదడులో నొప్పిని తగ్గించే ఎన్‌కెఫాలిన్లు అనే రసాయనాలు బయటపడ్డాయి. మరుసటి ఏడాదే టొరంటోలో బ్రూస్ పొమెరాంజ్ బృందం ఎలుకలకు నల్లమందు ప్రభావాన్ని అడ్డుకునే నాలొక్సోన్ అనే మందు ఇచ్చి చూస్తే, సూదులతో నొప్పి తగ్గడం ఆగిపోయింది. శరీరం తనకు తానే తయారుచేసుకునే నల్లమందులాంటి రసాయనాలతోనే ఇదంతా జరుగుతోందన్న వివరణ అలా స్థిరపడింది. సూది కొన చుట్టూ ఏం జరుగుతోందన్నది మాత్రం ఎవరికీ పెద్ద ప్రశ్నగా తోచలేదు. సూదిని పట్టుకునేది కండరమేనని అనుకుని వదిలేశారు.

ఆ ప్రశ్నను పట్టుకున్నది అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన హెలెన్ లాంజెవిన్. వైద్యురాలు, ఆక్యుపంక్చర్ కూడా చేసేవారు. తిప్పే, లాగే యంత్రానికి సూదిని బిగించి, 60 మంది ఆరోగ్యవంతుల మీద ఆమె బృందం కొలతలు తీసింది. 2001లో ఫలితాలు వచ్చాయి. సూదిని ఒకే వైపు తిప్పితే, తిప్పనప్పటికంటే బయటికి లాగడానికి 167% ఎక్కువ బలం కావాల్సి వచ్చింది. అటూఇటూ తిప్పితే 52% ఎక్కువ. ఆక్యుపంక్చర్ బిందువుల దగ్గర, అంటే సూది గుచ్చాలని సంప్రదాయం చెప్పే చోట్ల, పక్కనున్న మామూలు చోట్ల కంటే 18% ఎక్కువ. అంటే పట్టు అన్నిచోట్లా ఉంది, బిందువుల దగ్గర కాస్త ఎక్కువ, అంతే.

మరి పట్టుకునేదేమిటి? కోడిని ఒలిచేటప్పుడు చర్మానికీ మాంసానికీ మధ్య సాగుతూ వచ్చే తెల్లటి పలచటి పొరను చూసే ఉంటారు. అదే సంయోజక కణజాలం. ఎలుకల పొట్ట గోడను ఈ బృందం పొరలుగా పరీక్షిస్తే, బిగువుకు ప్రధాన కారణం కండరం కాక చర్మం కింది ఈ పొరేనని తేలింది. సూది మొదట పొరకు కాస్త అంటుకుంటుంది. తిప్పేకొద్దీ ఆ పొరలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు కదురుకు నూలు చుట్టుకున్నట్టు దానికి చుట్టుకుంటాయి. ఇక ఆ తర్వాత సూదిని కదిపితే పొర మొత్తం కదులుతుంది.

ఆ పోగుల మధ్య వాటిని తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలుంటాయి. 2006లో ఇదే బృందం ఎలుకల కణజాలంలో చూసిందేమిటంటే, సూది తిప్పిన అరగంటలోనే ఈ కణాలు చదునుగా పరుచుకుని వెడల్పవుతున్నాయి. ఆ మార్పు సూదికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో కూడా కనిపించింది. నాకు ఈ కథలో అన్నిటికంటే గట్టిగా నిలిచినట్టు అనిపించేది ఈ భాగమే: లాగుడును కణం గ్రహించి తన ఆకారం మార్చుకుంటోంది.

ఎక్కువ ప్రచారమైంది మాత్రం 2002 నాటి మరో లెక్క. మృతదేహం చేతిని అడ్డంగా ముక్కలుగా కోసి చూస్తే, 80% బిందువులు కండరాల మధ్యో లోపలో ఉన్న సంయోజక పొరల మీద పడ్డాయి. చీ ప్రవహిస్తుందని చైనా వైద్యం చెప్పే దారుల రహస్యం దొరికిందని చాలామంది సంబరపడ్డారు. అది చెయ్యి ఒక్కటే అన్న మాట, అలాంటి పొరలు ఒంట్లో ఎక్కడ చూసినా ఉంటాయన్న మాట ఆ సంబరంలో కొట్టుకుపోయాయి.

అసలు చిక్కు జర్మనీలో వచ్చింది. నడుము నొప్పి ఉన్న 1,162 మందిపై చేసిన పెద్ద పరీక్ష ఫలితాలు 2007లో వెలువడ్డాయి. అసలు ఆక్యుపంక్చర్‌తో 47.6% మందికి గుణం కనిపించింది, మామూలు వైద్యంతో 27.4% మందికే. కానీ బిందువులు కాని చోట్ల, పైపైన గుచ్చి, తిప్పకుండా వదిలేసిన ఉత్తుత్తి సూదులతోనూ 44.2% మందికి తగ్గింది. తిప్పుడు లేదు, చుట్టుకోవడం లేదు, అయినా ఉపశమనం దాదాపు అంతే. పోగులు చుట్టుకోవడం నిజమే కావచ్చు, నొప్పి తగ్గేది దానివల్లేనా అంటే ఈ అంకెలు ఒప్పుకోవు.

లాంజెవిన్ పరిశోధన కూడా తర్వాత సూదిని దాటి పొరను సాగదీయడం మీదికి మళ్లింది. వీపులో వాపు తెప్పించిన ఎలుకలను తోక పట్టి మెల్లగా ఎత్తితే అవి ముందుకాళ్లతో బల్ల అంచు పట్టుకుని తామే ఒళ్లు సాగదీస్తాయి. అలా రోజుకు రెండుసార్లు, పదేసి నిమిషాలు. వాపు తగ్గింది, ఒక్క సూదీ లేకుండా.