పైపు కదలదు కదా తాతా!

చిరంజీవులు బుజ్జికీ చంటికీ, సాయంత్రం పూట మీ ఫ్లాట్ల కింద చేరే జట్టు మొత్తానికీ తాతయ్య ఆశీస్సులు.

మీ నాన్న మద్రాసు పక్కన మణలి ప్లాంటు నుంచి పంపిన ఫొటో చూసి బుజ్జి ఏదో అడిగితే నేను ఫోన్‌లో చెప్పలేదని అలిగిందట. చెప్పకూడదని కాదమ్మా. ఫోన్‌లో మొదలుపెడితే అసలు సంగతి వచ్చేసరికి "సరే తాతా, బై" అనేస్తారు. ఉత్తరమైతే అలా పారిపోలేరు. పైగా తమిళం వీధిలో వస్తుంది, ఇంగ్లీషు బళ్లో వస్తుంది. మద్రాసులో పెరిగే పిల్లలకి తెలుగు చదవడం మాత్రం ఇలా ఎవరో ఒకరు వెంటపడితేనే వస్తుంది.

మిగతా పిల్లల కోసం ప్రశ్న మళ్లీ రాస్తున్నాను. దగ్గు తగ్గక చంటికి ఎక్స్‌రే తీశారు కదా. "ప్లేటుకి ఛాతీ ఆనించు, ఊపిరి బిగబట్టు, కదలకు" అన్నారు. వాడు కుదురుగా ఉండే రకం కాదు కాబట్టి అన్నారు, బాగానే ఉంది. మీ నాన్న ఫొటోలో ఒక లావుపాటి పైపు, దానికి ఆనించి నల్లటి పలక, చుట్టూ బిగించిన రెండు బెల్టులు, అవి చాలవన్నట్టు పైనుంచి ఒక తాడు. "పైపు కదలదు కదా తాతా, దానికెందుకు అన్ని కట్లు?" అని బుజ్జి ప్రశ్న.

పైపులకి కూడా ఇలా ఎక్స్‌రే తీస్తారు, దాన్నే రేడియోగ్రఫీ అంటారు. నా ఉద్యోగమంతా ఆ పనిలోనే గడిచింది. కొత్తగా చేరిన కుర్రాళ్లు మెషీను ఖరీదెంత అని అడిగేవాళ్లు, బొమ్మ ఎన్ని సెకన్లలో వస్తుందని అడిగేవాళ్లు. కట్ల గురించి అడిగినవాడు అరుదు. పనిలో ముప్పాతిక వంతు ఆ కట్టడమే.

జవాబు కోసం మిమ్మల్ని ముందు మా ఊరు తీసుకెళ్లాలి. గూడూరు దగ్గర, మీకు తెలిసిందే. కోతలయ్యాక తోలుబొమ్మలాట వాళ్లు బండి కట్టుకుని దిగేవాళ్లు. గుంజలు పాతి, తెల్ల పంచెలు కలిపి కుట్టిన తెర కట్టేవాళ్లు. తెర వెనక దీపం. మా నాన్న చిన్నతనంలో ఆముదపు దీపాలట, నా కాలానికి పెట్రోమాక్సు వచ్చింది. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే తెల్లవారుజాము దాకా రామాయణం నడిచేది. మధ్యలో జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకుంటుంటే పెద్దవాళ్లు కూడా పడి పడి నవ్వేవాళ్లు. ఆ తిట్లు మీకు రాస్తే మీ అమ్మ నాతో మాట్లాడదు.

నేను ముందు కూర్చునేవాణ్ణి కాదు, సందు చూసి తెర వెనక్కి దూరేవాణ్ణి. మేకతోలుని వెలుగు దూరేంత పలచగా గీకి రంగులు వేస్తారు. నగలున్నచోట ఉలితో సన్నని చిల్లులు కొడతారు. ఆటగాడు సీతమ్మని వెదురుబద్దతో తెరకి అదిమి పట్టినంతసేపూ ఆమె వడ్డాణంలో చిల్లులు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. హనుమంతుడు సముద్రం దాటాలంటే పెరగాలి కదా! అప్పుడు బొమ్మని తెర నుంచి వెనక్కి, దీపం వైపు లాగేవాడు. తెర మీద హనుమంతుడు తాటిచెట్టంత అయ్యేవాడు, కానీ కిరీటంలో చిల్లులన్నీ అలుక్కుపోయేవి. ముందున్న జనం చేతులెత్తి మొక్కుతుంటే, వెనక ఉన్న నాకు ఆ చిల్లులు ఏమయ్యాయన్నదే దిగులు.

పైపు ఎక్స్‌రే అంటే అదే ఆట. కిరణాలు దీపం, పైపు తోలుబొమ్మ, నల్ల పలక తెర. ఆ పలకని సైటులో ప్యానెల్ అంటారు, పుస్తకాల్లో డిటెక్టరు. మందంగా ఉన్నచోట కిరణాలు తక్కువ దాటతాయి, పలచగా ఉన్నచోట ఎక్కువ దాటతాయి. ఎక్స్‌రే ట్యూబుకి బదులు మేం ఇరిడియం అనే లోహపు బిళ్ల వాడతాం, దాని నుంచి వచ్చేవి ఎక్స్‌రేలలాంటివే అయిన గామా కిరణాలు. వాటికి సుమారు అర అంగుళం ఉక్కు అడ్డుపడితే సగమే బయటికొస్తాయి. ఇంకో అర అంగుళం అడ్డుపడితే ఆ సగంలో సగం. అందుకే లోపల తుప్పు తిన్నచోటు, వెల్డింగులో చిక్కుకున్న గాలి బుడగ, కిరణాల దారికి వరసగా ఉన్న బీట అన్నీ పైపు కోయకుండానే బయటపడతాయి. ఫిలిం మీద మాత్రం ఎక్కువ కిరణాలు తగిలినచోట నలుపు వస్తుంది. నా తోలుబొమ్మల తెర అక్కడ తలకిందులవుతుంది, మీరు పట్టించుకోకండి.

ఎక్స్‌రే కిరణాలని 1895 నవంబరు 8న జర్మనీలో రాంట్‌జెన్ అనే ఆయన కనిపెట్టాడు. ఆ డిసెంబరులోనే భార్య చేతిని ఫొటో తీశాడు. వేళ్ల ఎముకలు, ఒక ఎముక చుట్టూ నల్లగా ఉంగరం. 1901లో మొట్టమొదటి నోబెల్ భౌతికశాస్త్ర బహుమతి ఆయనకే ఇచ్చారు. చెయ్యి కదపకుండా చాలాసేపు కూర్చున్న ఆవిడకి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు!

ఇక మన కట్ల దగ్గరికొద్దాం.

మా రోజుల్లో తెర అంటే ఫిలిం. సీసపు రేకుల మధ్య పెట్టి, వెలుగు దూరని సంచిలో వేసి, పైపు చుట్టూ చుట్టేసేవాళ్లం. ఫిలిం వంగుతుంది కాబట్టి పైపుని వాటేసుకునేది. ఎక్కడా సందు లేదు, అంటే సీతమ్మ తెరకి అతుక్కున్నట్టే. ఇప్పటి ప్యానెళ్లలో చాలావాటి లోపల గాజు ఉంటుంది, అవి వంగవు. గుండ్రటి పైపు మీద చదును పలక పెడితే ఆనేది ఒక్క గీత మేరకే. ఆ గీత దగ్గర బొమ్మ స్పష్టంగా ఉంటుంది, అటూ ఇటూ పోయేకొద్దీ తెర దూరమై అలుక్కుపోతుంది. అందుకని మధ్య ముక్క మాత్రం తీసుకుని, బెల్టు వదులు చేసి, పలకని కాస్త పక్కకి జరిపి, మళ్లీ బిగించి, మళ్లీ తీస్తారు. అలా పైపు చుట్టూ తిరిగొస్తారు. దీపాన్ని కాస్త దూరం జరిపితే కూడా అంచులు తేరుకుంటాయి, కానీ వెలుగు తగ్గి ఎక్కువసేపు పడుతుంది. ఫిలిం పోయిందని నాకేమీ బెంగ లేదు. డార్క్‌రూములో మందు వాసన పీలుస్తూ నిలబడే పని పోయింది, బొమ్మ కొన్ని సెకన్లలో లాప్‌టాప్‌లో కనబడుతోంది. అన్నిటికంటే, దీపం, అంటే కిరణాలిచ్చే ఆ బిళ్ల, పెట్టె బయట ఉండే సమయం తగ్గింది.

బుజ్జీ, "పైపు కదలదు" అన్నావే, అక్కడే ఉంది కిటుకు. నడుస్తున్న ప్లాంటులో పైపు మీద అరచెయ్యి పెడితే తెలుస్తుంది, పంపుల దెబ్బకి అది సన్నగా వణుకుతూనే ఉంటుంది. పలకని నేల మీద స్టాండుకి నిలబెట్టావనుకో, పైపు ఒక రకంగా వణుకుతుంది, పలక ఊరికే నిలబడి ఉంటుంది, బొమ్మ చెదిరిపోతుంది. పలకని పైపుకే కట్టేస్తే? వణికితే రెండూ కలిసే వణుకుతాయి. సీతమ్మని తెరకి గట్టిగా అదిమితే గాలికి తెర ఊగినా వడ్డాణం చెదరదు. మరి దీపం వణికితే అంటావు. బొమ్మ తెరకి దగ్గరగా ఉంటే దీపం కాస్త ఊగినా నీడ పెద్దగా జరగదు. నమ్మకపోతే రాత్రి లైట్లార్పి గోడకి దువ్వెన ఆనించి, మూరెడు దూరం నుంచి ఫోన్ టార్చి వేసి ఊపి చూడండి. తర్వాత దువ్వెనని టార్చి వైపు జరిపి మళ్లీ ఊపండి. చంటికి టార్చి ఇస్తే చాలు, ఊపమని వేరే చెప్పక్కర్లేదు.

కట్టడానికి బెల్టే ఎందుకు, అయస్కాంతం పెట్టచ్చుగా అంటారు. మామూలు ఉక్కుకైతే పెడతారు కూడా. కానీ స్టెయిన్‌లెస్ పైపులకి చాలావాటికి అయస్కాంతం అంటదు. వేడి పైపులకి చుట్టూ వేడి పోకుండా దూదిలాంటి పొర, పైన అల్యూమినియం రేకు ఉంటుంది, దానికీ అంటదు. పైగా ప్యానెల్లో ఎలక్ట్రానిక్సుకి వేడి పడదు కాబట్టి మరీ ఆనించకుండా మధ్యలో కాస్త అడ్డు పెట్టాలి. ఆనిస్తే పలక చెడుతుంది, దూరం పెడితే బొమ్మ చెడుతుంది. ఎంత సందు ఇవ్వాలో తేల్చుకోవడంలోనే పనివాడి తెలివి తెలుస్తుంది. పైనున్న ఆ తాడు సంగతి అడిగావు. పైపు ఇరవై అడుగుల ఎత్తున ఉంటుంది, పలక ఖరీదు లక్షల్లో. బెల్టు జారితే పలక పోయినా కొనుక్కోవచ్చు. కింద నిలబడ్డవాడి తలకాయ ఎక్కడ కొంటాం?

ఆ దూదిలాంటి పొర కింద నీరు చేరి పైపుని తినేస్తుందని భయం. దాన్ని విప్పకుండా చూడాలంటే కిరణాలు పైపు పక్క గోడని రాసుకుంటూ పోయేలా తీస్తారు. అప్పుడు గోడ మందం అంచులో పట్టీగా కనిపిస్తుంది. కాకపోతే ఆ గోడ తెరకి దూరంగా ఉంటుంది కాబట్టి హనుమంతుడిలాగా పెరిగి కనబడుతుంది. ఎంత పెరిగిందో తెలియడానికి దాని పక్కనే, అదే ఎత్తులో, కొలత తెలిసిన ఉక్కు గోళీ ఒకటి పెడతారు. గోళీ ఎంత పెరిగిందో గోడా అంతే. వెల్డింగు తీసేటప్పుడు ఏడు తీగల పట్టీ పెడతారు, ఒకదానికంటే ఒకటి సన్నం. ఎంత సన్నని తీగ కనబడాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. అది బొమ్మలో కనబడకపోతే, జాయింటు ఎంత బాగున్నట్టు అనిపించినా ఆ బొమ్మ చెల్లదు. ఈ పద్ధతి నాకెంతో ఇష్టం. ఎదుటివాడిలో తప్పు వెతికే ముందు మన చూపు ఎంతవరకు ఆనుతుందో పరీక్షించుకోవడం బళ్లో కూడా నేర్పితే బాగుండు.

ఒక్క విషయంలో మాత్రం నా తోలుబొమ్మలాట పనికిరాదు. ఆ ఆటకి ఊరంతా వచ్చి ముందు కూర్చుంటుంది, ఈ ఆటకి అందరూ లేచి వెళ్లిపోవాలి. ఎక్స్‌రే ట్యూబు అయితే స్విచ్చి తీస్తే ఆరుతుంది. ఇరిడియం బిళ్ల రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది కానీ దాన్ని ఆర్పడం ఎవరి తరమూ కాదు, పెట్టెలో దాచడమే. ఆ పెట్టెని మేం కెమెరా అంటాం, బరువు ఇరవై కిలోల పైమాటే. 74 రోజులకి దాని బలం సగమవుతుంది. అందుకే ఈ పనికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి, ఒంటికి తగిలిన కిరణాలని లెక్కపెట్టే బ్యాడ్జి ఛాతీ మీద, కిరణాల జోరు చూపే మీటరు చేతిలో, ఎవరూ దగ్గరికి రాకుండా చుట్టూ తాళ్లు. దూరం రెండింతలైతే కిరణాల జోరు నాలుగో వంతుకి పడిపోతుంది, ఇది గుర్తుపెట్టుకోండి. 2010లో ఢిల్లీ మాయాపురిలో పాత ఇనుము కొట్టులోకి ఇలాంటి కిరణాలే చిమ్మే కోబాల్ట్ ముక్కలు చేరి, ఏమిటో తెలియక కోసినవాళ్లు జబ్బుపడ్డారు, ఒకాయన చనిపోయాడు. దారిలో దొరికిన తెలియని లోహపు ముక్క ఎంత మెరిసినా జేబులో వేసుకోకండి. చంటీ, నీకే చెప్తున్నా.

ఈసారి తిరువొత్తియూరు వచ్చేటప్పుడు మణలి మీదుగా రమ్మని నాన్నకి చెప్పండి. కిరణాలున్నాయని హెచ్చరించే మూడు రెక్కల గుర్తున్న బోర్డు, తాళ్లు కనబడితే ఆగకుండా వచ్చేయండి. ఎక్కడైనా కొత్త లైను వేస్తుంటే మాత్రం దిగి, గేటు బయటి నుంచే చూడండి. ఆరు మీటర్లకో పన్నెండు మీటర్లకో పైపు చుట్టూ ఉబ్బెత్తు గీత ఉంటుంది, అదే వెల్డింగు జాయింటు. పక్కన పెయింటు పెన్నుతో జాయింటు నంబరు, వెల్డరు నంబరు రాసి ఉంటాయి. అవి నోటుబుక్కులో రాసుకురండి. పైపు మలుపు తిరిగేచోట వంపుకి రెండు వైపులా జాయింట్లు ఉంటాయి, అవీ చూడండి. అక్కడ చదును పలకని ఎలా ఆనిస్తారో, బెల్టు ఎటునుంచి ఎటు వేస్తారో మీరే ఆలోచించి బొమ్మ గీసి పట్టుకురండి. నాన్నని అడగకూడదు.

ఇట్లు
మీ తాతయ్య