ఏ కారు ఫాస్టో తేల్చమన్నారు కదా

రాయగడ,
ఆదివారం పొద్దున్న.

ఒరేయ్ పండూ, చిట్టితల్లీ,

మొన్న ఫోన్లో ఇద్దరూ ఒకేసారి అరిచేసరికి నాకు సగమే అర్థమైంది. బుగాటీని మించింది లేదని పండు, చైనావాళ్ల ఎలక్ట్రిక్ కారు దాన్ని ఎప్పుడో దాటేసిందని చిట్టి. మధ్యలో మీ అమ్మ ఫోను లాక్కుంది. తాత తీర్పు చెప్పేదాకా మీరిద్దరూ మాట్లాడుకోరట! సరే, రాస్తున్నాను. గుణుపురం బళ్లో మీకు ఒడియా చదువే కాబట్టి తెలుగు కూడబలుక్కుని చదువుకోవాలి. అందుకే అక్షరాలు పెద్దవిగా రాస్తున్నా. అర్థం కానిచోట అమ్మను అడగండి.

ముందు చిట్టి లెక్క, పండు లెక్క పక్కపక్కన పెడదాం. 2019 ఆగస్టులో జర్మనీలో ఎరా-లెసియన్ అనే టెస్ట్ ట్రాక్ మీద ఆండీ వాలెస్ అనే డ్రైవరు బుగాటీ షిరాన్‌ని గంటకు 490.484 కిలోమీటర్ల వేగంతో తోలాడు. 2025 సెప్టెంబరులో అదే దేశంలో పాపెన్‌బర్గ్ ట్రాక్ మీద చైనా కంపెనీ బీవైడీవాళ్ల యాంగ్‌వాంగ్ యూ9 ఎక్స్‌ట్రీమ్ 496.22 అందుకుంది. అంటే చిట్టి గెలిచినట్టే. ఆగరా పండూ, అప్పుడే మూతి ముడవకు.

గంటకు 490 అంటే సెకనుకు 136 మీటర్లు. మీరు ఆడే క్రికెట్ పిచ్ ఈ చివర నుంచి ఆ చివరకు 20 మీటర్లు. నువ్వు నోరు తెరిచి 'ఒకటి' అనేలోపు ఏడు పిచ్‌లు దాటిపోయిందన్నమాట.

ఇప్పుడు అసలు సంగతి. నాగావళి వంతెన మీద సైకిలు తొక్కారు కదా. పోయేటప్పుడు గాలి వీపు మీద తోస్తే పెడలు వేయకుండానే బండి పోతుంది. వచ్చేటప్పుడు అదే గాలి ఎదురైతే ఆయాసమొస్తుంది. సైకిలు అదే, కాళ్లు అవే. మరి నీ స్పీడెంత అని అడిగితే ఏది చెప్తావు? అందుకే రికార్డు రాసేవాళ్లు ఒక పద్ధతి పెట్టుకున్నారు. అటు ఒకసారి, ఇటు ఒకసారి, అదీ గంటలోపు తోలి, రెండింటి సగటు చెప్పాలి.

ఈ సగటు ఎందుకో కోనిగ్‌సెగ్ కారును చూస్తే తెలుస్తుంది. స్వీడన్‌వాళ్లది, అజెరా ఆర్‌ఎస్ అని పేరు. 2017 నవంబరులో అమెరికాలో నెవాడా రాష్ట్రంలో మామూలు హైవేనే కాసేపు మూయించి తోలారు. ఒకవైపు పోయేటప్పుడు దాదాపు 458, తిరిగొచ్చేటప్పుడు 436. ఒకే కారు, ఒకే రోడ్డు, ఒకే డ్రైవరు, తేడా మాత్రం 20 కిలోమీటర్లకు పైనే. సగటు 447.19 అని రాసుకున్నారు. మీరు కొట్టుకుంటున్న రెండు కార్లూ ఒకవైపే తోలినవి. వాటి మధ్య తేడా 6 కిలోమీటర్లు కూడా లేదు. ఇప్పుడు చెప్పండి, ఎవరు గెలిచినట్టు?

ఇంకో పేచీ కూడా ఉంది. మీరు మాట్లాడేది బజార్లో అమ్మే కార్ల గురించి. విమానాల జెట్ ఇంజన్లు కట్టుకుని ఎడారిలో తోలేవాటి లెక్క వేరు. 1997లో థ్రస్ట్ అనే బండి నేల మీద ధ్వని కన్నా వేగంగా పోయింది, కానీ దాన్ని తీసుకుని ఎవరూ కూరగాయలకు పోరు. మరి 'అమ్మే కారు' అంటే ఎన్ని తయారుచేస్తే అమ్మేదని ఒప్పుకోవాలి? అమెరికావాళ్ల హెన్నెసీ వెనమ్ 2014లో 435 అందుకుంది, కానీ తోలింది ఒకవైపే, తయారుచేసినవీ కొద్దే, అందుకని గిన్నిస్‌వాళ్లు ఒప్పుకోలేదు. పండూ, నీ షిరాన్ సంగతి కూడా విను. 490 పోయింది ప్రత్యేకంగా సిద్ధం చేసిన బండి. దాని పేరు మీద కొన్నవాళ్లకు 30 కార్లే ఇచ్చారు, వాటికి 440 దగ్గర కళ్లెం బిగించి మరీ ఇచ్చారు. చిట్టీ, నవ్వకు. నీదీ 30 కార్లేనని కంపెనీ చెప్పింది.

కళ్లెం ఎందుకంటారా? టైర్ల కోసం. ఇది నాకు బాగా తెలిసిన సంగతి, కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాను, విసుక్కోకండి.

మీ సైకిలు వాల్వు మీద నల్ల ప్లాస్టిక్ మూత ఉంటుంది చూడండి, పండు ఎప్పుడూ పారేసుకుంటాడే, అది. కారు టైరుకూ అలాంటిదే ఉంటుంది. రెండున్నర గ్రాములు అనుకుందాం. అరచేతిలో పెట్టుకుంటే ఉన్నట్టే తెలియదు. కారు 420 వేగంతో పోయేటప్పుడు చక్రం తిరిగే ఊపుకి ఆ మూతే ఏడు కిలోల బరువుతో బయటికి లాగుతుంది. కాగితం మీద నేనే లెక్కవేసి చూసుకున్నా, రెండుసార్లు. మూతకే అంత అయితే, దాని చుట్టూ ఉన్న రబ్బరు మాటేంటి? ప్రతి ముక్కా ఊడిపోయి ఎగిరిపోవాలనే చూస్తుంది. షిరాన్ టైర్లను బిగించేముందు ఎక్స్‌రే తీసి మరీ చూశారట, లోపల తీగలు ఒకదానికొకటి తగులుతున్నాయేమోనని. మనుషులకు తీసినట్టే.

నేను టాక్సీ తోలే రోజుల్లో ఒకసారి డబ్బుకు కక్కుర్తిపడి రీసోల్ టైరు, అంటే అరిగినదానికి పైన కొత్త రబ్బరు అతికించినది, వేయించాను. ఎండాకాలం మధ్యాహ్నం, పార్వతీపురం దాటాక, బండి స్పీడు అరవై కూడా లేదు. వెనక దబదబా కొడుతున్న చప్పుడు. అద్దంలో చూస్తే టైరు పైతోలు పాములా రోడ్డు మీద దొర్లుకుంటూ పోతోంది. గుండె జారిపోయింది. స్టెప్నీ బిగిస్తుంటే చేతులు వణికి జాకీ రెండుసార్లు జారింది. అరవైకే ఆ గతి. 490 అంటే ఆ టైరు చేసినవాళ్లకు దణ్ణం పెట్టాలి.

టైరు తర్వాత గాలి. బస్సు కిటికీలోంచి చెయ్యి బయట పెడితే గాలి వెనక్కి నెడుతుంది. (పెట్టొద్దు. ఎందుకో మీకూ తెలుసు.) వేగం రెట్టింపైతే ఆ నెట్టుడు నాలుగింతలవుతుంది. దాన్ని తట్టుకోవడానికి ఇంజను పెట్టాల్సిన శక్తి ఎనిమిదింతలు. వందతో పోయే కారు నాలుగొందలతో పోవాలంటే గాలిని చీల్చడానికే 64 రెట్లు శక్తి కావాలి. 1998లో మెక్‌లారెన్ ఎఫ్1 అనే కారు 386 అందుకుంది, అప్పుడూ తోలింది ఈ ఆండీ వాలెస్సే. అక్కడినుంచి 490కి రావడానికి 21 ఏళ్లు పట్టింది. ఆయన జుట్టు నెరిసింది, నాదీ నెరిసింది.

ఇంత శక్తి పుట్టించాక వేడి ఊరుకుంటుందా? పెట్రోలు మండితే అందులో మహా అయితే మూడో వంతే చక్రానికి అందుతుంది, మిగతాది దాదాపు అంతా వేడే. 2005లో వచ్చిన బుగాటీ వేరాన్‌కి పదహారు సిలిండర్లు, ఇంజనులోకి గాలిని బలంగా ఎక్కించే టర్బోలు నాలుగు, వెయ్యి హార్స్‌పవర్. చల్లబరచడానికి పది రేడియేటర్లు. పూర్తి స్పీడులో తోలితే వంద లీటర్ల ట్యాంకు పన్నెండు నిమిషాల్లో ఖాళీ అయిపోతుందట. మెక్‌లారెన్‌వాళ్లయితే ఇంజను గదికి లోపలంతా బంగారు రేకు అంటించారు, వేడిని వెనక్కి కొడుతుందని. షోకు కోసం కాదు.

నా అంబాసిడర్‌కి బంగారం లేదు, తడి గోనెగుడ్డ ఉండేది. కోరాపుట్ ఘాటీ ఎక్కేటప్పుడు వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరైపోయి బండి ఆగిపోయేది. బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ వేసి, కూర్చుని ఒక బీడీ కాల్చుకునేంత సేపు ఆగితే మళ్లీ స్టార్టయ్యేది. (బీడీ ఎప్పుడో మానేశాలే, మీ అమ్మమ్మకు చూపించకండి.) అదే వేడి, అదే పోరాటం. వాళ్లది బంగారంతో, నాది గోనెతో.

అబద్ధపు రికార్డులు కూడా ఉంటాయి. 2020లో అమెరికాలో ఎస్‌ఎస్‌సీ టువటారా అనే కారు సగటున 508 పోయిందని కంపెనీ ప్రకటించి, వీడియో పెట్టింది. కార్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లు ఆ వీడియోని ఆపి ఆపి చూశారు. రోడ్డు పక్కన కనిపించే గుర్తుల మధ్య దూరం ఎంత, ఎన్ని సెకన్లలో దాటింది అని లెక్కలు కట్టారు. పొంతన కుదరలేదు. కంపెనీ యజమాని చివరకు ఆ వేగం అందుకోలేదని ఒప్పుకున్నాడు. మీ బళ్లో చెప్పే దూరం, కాలం, వేగం లెక్కే అది. చిట్టీ, ఆ పాఠం వచ్చినప్పుడు పక్కదానితో కబుర్లు చెప్పకు.

మీరు అడగకపోయినా చెప్తాను, నాకు వీటన్నిటికన్నా ఇష్టమైన రికార్డు ఒక ముసలి వోల్వోది. న్యూయార్క్ దగ్గర ఇర్వ్ గోర్డన్ అనే బడి పంతులు 1966లో కొన్నాడు. 2013కి 30 లక్షల మైళ్లు తిరిగింది. మన లెక్కలో 48 లక్షల కిలోమీటర్లు. చంద్రుడి దగ్గరకు ఆరుసార్లు పోయి రావచ్చు. ఒకే మనిషి తోలింది ఒకే కారు. టైముకు ఆయిల్ మార్చడం, చిన్న చప్పుడు వచ్చినా బానెట్ ఎత్తడం, అంతే ఆయన విద్య. ఆయన 2018లో పోయాడు. షెడ్డులో పనివాళ్లకు నేను చెప్పీ చెప్పీ అలిసిపోయిన ముక్క ఇదే.

బుల్లి కార్ల సంగతీ ఉంది. టాటా నానో మన వీధిలోనే చూశారు, చక్రానికి నాలుగు బోల్టుల బదులు మూడే ఉండేవి, వైపరు ఒకటే. లక్ష రూపాయలకు కారు ఇవ్వాలంటే ఒక్కో బోల్టూ లెక్కే మరి. కానీ దానికన్నా బుల్లిది పీల్ పీ50. 1962 నుంచి కొన్నేళ్లపాటు ఇంగ్లండు పక్కన మాన్ దీవిలో తయారైంది. పొడవు 137 సెంటీమీటర్లు, వెడల్పు 99. బరువు 59 కిలోలు, అంటే బియ్యం బస్తా కన్నా తొమ్మిది కిలోలు ఎక్కువ. చక్రాలు మూడు, తలుపు ఒకటి, సీటు ఒకటి. రివర్స్ గేరు లేనేలేదు. వెనక్కి తిప్పాలంటే దిగి, వెనకనున్న పిడి పట్టుకుని సూట్‌కేసులా ఈడ్చుకోవడమే.

దసరాకు వస్తారు కదా. మజ్జిగౌరమ్మ దర్శనం అయ్యాక, అమ్మమ్మ దగ్గర ముగ్గుపిండి అడిగి మన వాకిట్లో 137కి 99 గీత గీద్దాం. టేపు నా దగ్గరుంది. అందులో మీరిద్దరూ పడతారో, ఒకరే పడతారో చూద్దాం. నాకైతే మోకాళ్లు బయటే ఉంటాయి.

మీ తాతయ్య

తా.క. పండూ, వాల్వు మూతలు రెండు కవరులో పెడుతున్నా. ఒకటి చిట్టి సైకిలుకి.