తేదీలు బాగానే కనబడుతున్నాయా? అక్కడే ప్రమాదం: అపోహలు - వాస్తవాలు

"డేట్ ఫార్మాట్ మార్చగానే షీటంతా పాడైపోయింది సార్!" జీఎస్‌టీ రిటర్నుల గడువు దగ్గరపడితే చాలు, ఈ మాటతో ఫోన్లు మొదలవుతాయి. ఆఫీసు కంప్యూటర్లలో రీజనల్ సెట్టింగులు, అంటే తేదీలు ఏ దేశం పద్ధతిలో ఉండాలో చెప్పేవి, స్క్రిప్టుతో (చిన్న ప్రోగ్రాంతో) తనిఖీ చేయడం నా పనిలో భాగం. ఎక్కువమందిని నష్టపెడుతున్న అపోహ ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెబుతాను.

అపోహ: ఇంతవరకూ తేదీలు సరిగ్గానే ఉన్నాయి, సెట్టింగ్ మార్చాకే పాడయ్యాయి.

కాదు. ఫైలు తెరిచినప్పుడే పాడయ్యాయి. సెట్టింగ్ మార్చాక అది మీ కంటపడింది, అంతే.

మీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సీఎస్‌వీలో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలులో) 03/04/2024 అని ఉందనుకోండి. మనకది ఏప్రిల్ 3. కంప్యూటర్ రీజియన్ ఇంగ్లిష్ యునైటెడ్ స్టేట్స్ అయితే, డబుల్ క్లిక్ చేయగానే ఎక్సెల్ దాన్ని మార్చి 4గా చదువుతుంది. ఎక్సెల్ ప్రతి తేదీని లోపల ఒక రోజుల లెక్కగా దాచుకుంటుంది; అక్కడ 45385 ఉండాల్సిన చోట 45355 పెట్టుకుంటుంది. తెర మీద మాత్రం 3/4/2024 అనే చూపిస్తుంది. మన కళ్లు దాన్ని ఏప్రిల్ 3 అనే చదువుకుంటాయి, అనుమానమే రాదు. ఎప్పుడో ఎవరో రీజియన్‌ని ఇండియాకి మారుస్తారు. అదే అంకె 04-03-2024గా కనబడుతుంది. గుండె గుభేలుమంటుంది. గబగబా సెట్టింగ్ వెనక్కి మార్చేసి హమ్మయ్య అనుకుంటారు. తప్పు మాత్రం లోపల అలాగే ఉండిపోతుంది.

13వ నెల లేదు కాబట్టి 13/04/2024 లాంటివాటిని ఆ కంప్యూటర్‌లో ఎక్సెల్ తేదీగా ఒప్పుకోదు. టెక్స్ట్‌గా సెల్లులో ఎడమవైపుకి జరిపి వదిలేస్తుంది. 365 రోజుల ఏడాదిలో ఇలా 221 తేదీలు టెక్స్ట్‌గా మిగిలిపోతాయి. 12 తేదీలకి, అంటే 4/4, 5/5 లాంటివాటికి ఏ తేడా ఉండదు. మిగిలిన 132 చప్పుడు లేకుండా తారుమారవుతాయి. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు.

విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల డీలరు దగ్గర అకౌంట్లు చూసే అమ్మాయి ఇక్కడే చిక్కుకుంది. ఓనరుగారబ్బాయి అమెరికా నుంచి తెచ్చిన ల్యాప్‌టాప్‌లో ఏప్రిల్ బిల్లులు తెరిచింది. అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను జీఎస్‌టీఆర్-1కి మే 11 గడువు. ఎడమవైపు జరిగిన తేదీలే తప్పు అనుకుని, 13 నుంచి 30 వరకూ బిల్లులన్నీ రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని చేత్తో మళ్లీ కొట్టింది. ఎక్సెల్ తేదీగా ఒప్పుకుని కుడివైపు బుద్ధిగా నిలబెట్టినవాటి జోలికి పోలేదు. నిజానికి ఎడమవైపు ఉన్నవే క్షేమం, వాటి అంకెల్ని ఎవరూ ముట్టుకోలేదు. కుడివైపు ఉన్న ఏప్రిల్ 1, 2, 3 బిల్లులు జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 4 అయిపోయి ఏకంగా కిందటి ఆర్థిక సంవత్సరంలోకి వెళ్లిపోయాయి. పైగా ఎవరో "వైరస్ అయ్యుంటుంది, సిస్టమ్ ఫార్మాట్ కొట్టించు" అన్నారట. తెలియకపోతే తెలియదని చెప్పొచ్చు కదా! భయపడి ఆ మాట విని ఉంటే ఒరిజినల్ ఫైలు కూడా పోయేది. ఫోన్‌లో ఆమె గొంతు వణుకుతోంది. "ఏం కాలేదమ్మా, సాఫ్ట్‌వేర్ ఇచ్చిన సీఎస్‌వీ ఉందా?" అని అడిగాను. ఉంది. గంటలో పని అయిపోయింది.

మీరూ అదే చేయండి. పాడైన షీటుని బాగుచేయబోకండి. ఒరిజినల్ సీఎస్‌వీని డబుల్ క్లిక్ చేయకుండా ఎక్సెల్ డేటా మెనూ నుంచి పవర్ క్వెరీలోకి (ఎక్సెల్‌లోనే ఉండే, డేటా తెచ్చుకునే సాధనంలోకి) తెచ్చుకోండి. అది తనంతట తాను వేసిన 'చేంజ్‌డ్ టైప్' స్టెప్ తీసేయండి. తేదీ కాలమ్‌కి 'యూజింగ్ లొకేల్' ఎంచుకుని, డేట్, ఇంగ్లిష్ ఇండియా అని ఇవ్వండి.

అపోహ: స్క్రిప్టు నడిపితే కంప్యూటర్‌లో ఏదో మారిపోతుంది.

విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే పవర్‌షెల్‌లో గెట్-కల్చర్ అనే ఆదేశం రీజియన్ సెట్టింగ్‌ని చదువుతుంది, అంతే. సెట్-కల్చర్ అయితే మారుస్తుంది. టెన్షన్ పడకుండా మొదటిది నడిపి, అందులో షార్ట్‌డేట్‌ప్యాటర్న్ (తేదీ రాసే వరస) చూడండి. నెల ముందుంటే ఆ మెషీన్‌లో సీఎస్‌వీని నేరుగా తెరవకండి. ఒకటి గుర్తుంచుకోండి: సెట్టింగ్ ఇప్పుడెలా ఉందో మాత్రమే ఇది చెబుతుంది. నిన్న ఫైలు తెరిచినప్పుడు ఎలా ఉందో చెప్పదు. సెట్టింగ్ మార్చాక పవర్‌షెల్ మూసి కొత్తగా తెరిచి చూడండి.

అపోహ: నా లాగిన్‌లో సరిగ్గా ఉంది కాబట్టి ఆ మెషీన్ అంతా సరే.

ఈ సెట్టింగ్ యూజర్ యూజర్‌కీ వేరు. సిస్టమ్ అకౌంట్ (విండోస్ సొంత ఖాతా) కింద రాత్రిపూట దానంతటదే నడిచే షెడ్యూల్డ్ టాస్క్ మీ సెట్టింగ్ చూడదు. తనిఖీ స్క్రిప్టుని ఆ టాస్క్‌లోనే నడిపి, యూజర్ పేరుతో సహా లాగ్‌లో రాయించండి.

అపోహ: విండోస్ తెలుగులోకి మారిస్తే తేదీలూ మన పద్ధతిలోకి వస్తాయి. భాష వేరు, రీజనల్ ఫార్మాట్ వేరు. టైమ్ జోన్ మళ్లీ వేరు.

అపోహ: రీజియన్ ఇండియా అయితే నా స్క్రిప్టు తేదీల్ని సరిగ్గా చదువుతుంది.

స్క్రిప్టులు రాయడం వచ్చినవాళ్లు కూడా ఇక్కడ దెబ్బతింటారు. పవర్‌షెల్‌లో 03/04/2024 అనే స్ట్రింగ్‌ని (టెక్స్ట్‌ని) నేరుగా డేట్‌టైమ్‌గా క్యాస్ట్ చేస్తే, అంటే తేదీగా మార్చేస్తే, మీ రీజియన్ ఏదైనా సరే, నెలే ముందనుకుంటుంది. పార్స్ అనే ఆదేశం అయితే రీజియన్ చూస్తుంది. రెండూ వద్దు. మీరు చెప్పిన ఫార్మాట్‌లోనే చదివే పార్స్‌ఎగ్జాక్ట్ వాడి, ఫార్మాట్‌తో పాటు ఇన్‌వేరియంట్ కల్చర్ (ఏ దేశానికీ కట్టుబడని సెట్టింగ్) కూడా ఇవ్వండి. ఫార్మాట్‌లో నెలకి పెద్ద ఎమ్‌లు రాయాలి, చిన్న ఎమ్‌లు రాస్తే నిమిషాలు.

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్స్‌పోర్టులో సంవత్సరం-నెల-రోజు ఆప్షన్ ఉంటే ఈరోజే దానికి మారండి. 2024-04-03 అని ఉంటే అమెరికా సెట్టింగ్‌లోనూ, ఇండియా సెట్టింగ్‌లోనూ ఎక్సెల్ దాన్ని ఏప్రిల్ 3గానే చదువుతుంది.