సువార్త అంటే మైకు కాదు: సహవాసం చుట్టూ ఉన్న అపోహలు

కాజీపేటలో మా ఇంటి ముందుగదిలో 22 ఏళ్లుగా ప్రతి బుధవారం సాయంత్రం కాటేజీ ప్రార్థన, అంటే ఇంట్లో కూడి చేసుకునే ప్రార్థన, జరుగుతోంది. నేను పాస్టర్‌ని కాను. మా సంఘం ఆడవాళ్ల కూటమి స్త్రీల మైత్రిలో ఒక సభ్యురాలిని. సువార్త (యేసు గురించిన శుభవార్త) మీద, సహవాసం (విశ్వాసులు ఒకరికొకరు తోడుగా ఉండడం) మీద ఇన్నేళ్లలో సంఘం లోపలివాళ్ల నోట, బయటివాళ్ల నోట పదేపదే విన్న మాటలు కొన్ని ఉన్నాయి. వాటికి నాకు తెలిసిన జవాబులు ఇవి.

అపోహ: సువార్త చెప్పడం అయ్యగారి (పాస్టర్) పని.

"అయ్యగారు ఉన్నరు గదా, మనకెందుకు?" అంటారు. కాజీపేట నుంచి విజయవాడ వైపు రైలెక్కితే దారిలోనే డోర్నకల్ వస్తుంది. 1912లో అక్కడ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి) సంఘంలో ఆ స్థానం పొందిన మొదటి భారతీయుడు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది పొలం కూలీలు, చాలామందికి అక్షరం ముక్క రాదు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత తమ తలమీద చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ (కీడు)" అని బైబిల్లో పౌలు అన్న మాట పలికించేవారాయన. ఆ చెయ్యి పెట్టినవాళ్లు నాట్లకు పోయేవాళ్లు, పశువులు కాసేవాళ్లు. ఆ నాట్ల దగ్గరే, చుట్టాల ఇళ్లలోనే ఒకరి నుంచి ఒకరికి మాట పోయింది. యేసు శిష్యుడు అంద్రెయ కూడా ముందు పోయింది సొంత సహోదరుడు సీమోను దగ్గరికే.

అపోహ: సాక్ష్యం (మన విశ్వాసం సంగతి ఇంకొకరికి చెప్పడం) అంటే వాదించి గెలవడం.

ఈ తప్పు నేనే చేశాను, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తాను. మా కూడిక మొదలైన రెండో ఏడు పక్క వీధిలో ఒకామె భర్త పోయాడు. దినాలు కూడా కాకముందే బైబిల్ పట్టుకొని పోయి అరగంట సేపు వచనాలు చదివాను. ఆమె ఏమీ అనలేదు. మర్నాటి నుంచి నన్ను చూస్తే తలుపు దగ్గరేసుకునేది. అంతకు మూడేళ్ల ముందే మా ఆయన పోయాడు. ఆ దుఃఖం ఎట్లుంటదో తెలిసిన మనిషినై ఉండి కూడా ఆ పని చేశాను.

తర్వాత పోయినప్పుడు బైబిల్ ఇంట్లోనే పెట్టి, గిన్నెలో పప్పుచారు తీసుకపోయిన. ఆమెతో పింఛన్ కాగితాల కోసం ఆఫీసుకు పోయిన. పిల్లగాని ఫీజు గురించి ఇద్దరం కూర్చొని లెక్కలు వేసినం. ఎనిమిది నెలలకు ఆమే అడిగింది: "వదినా, రాత్రిపూట నీకు భయం కాదా? ఒక్కదానివే ఎట్ల తట్టుకున్నవ్?" అప్పుడు చెప్పిన, పది నిమిషాలు, నా సంగతి మాత్రమే. బైబిల్లోని పేతురు పత్రికలో కూడా వరుస ఇదే. మనలో ఉన్న నిరీక్షణ (ఆశ) గురించి అడిగేవాళ్లకు సాత్వికముతో, భయముతో జవాబు చెప్పమంటాడు. అంటే అవతలి మనిషి అడిగేంత దగ్గరగా మనం ముందు బతకాలి.

1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీల సభ జరిగితే, ఇదే అజరయ్య అక్కడి తెల్లవాళ్ల ముందు నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, శరీరాలిచ్చారు, మేము ప్రేమ కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఆ మూసుకున్న తలుపే గుర్తొస్తుంది.

ఆమె క్రైస్తవురాలు కాలేదు. ఇప్పటికీ బతుకమ్మ పేరుస్తుంది, నాకు సద్దుల డబ్బా పంపుతుంది. మా స్నేహం ఫలించలేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అపోహ: ప్రార్థన చేయించుకుంటే మందులు మానెయ్యాలి.

ఇది ప్రాణం మీదికి తెచ్చే అపోహ. "గోలీలు బందు చేసిన అక్కా, ప్రార్థన చేస్తున్నం గదా" అని ఒక చెల్లె చెప్పిన రోజు నా కాళ్లు చల్లబడ్డాయి. ఆమె వాడుతున్నవి టీబీ మందులు. మామూలు టీబీకి కనీసం ఆరు నెలలు వాడాలి, మధ్యలో ఆపితే మందులకు లొంగని టీబీగా మారొచ్చు. తెల్లారి ఆమెను నేనే డాక్టర్ దగ్గరికి తీసుకపోయిన. పౌలుతో తిరిగిన లూకా వైద్యుడు. ప్రార్థించి మందు వేసుకోవడం విశ్వాసానికి తక్కువేమీ కాదు.

అపోహ: బియ్యం, డబ్బులు ఇచ్చి కలుపుకుంటారు.

ఏదో ఒకటి ఆశ చూపి పిలవడం తప్పు, అది సువార్తే కాదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. ఆ హక్కులో ఇంకొకరిని మతం మార్చే హక్కు లేదని సుప్రీంకోర్టు 1977లో చెప్పింది. మా దగ్గర ఎవరింటికైనా బియ్యం పంపితే ఆ రోజు వాక్యం చెప్పం. లాభం కోసమే మారతారనేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకు ఎస్సీ రిజర్వేషన్ పోతుంది, మన రాష్ట్రంలో వాళ్లు ఒక్క శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-సీ గ్రూపులోకి వస్తారు.

అపోహ: మన సంఘం వాళ్లతోనే సహవాసం.

మా చాపల మీద సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు, బాప్టిస్టులు, పెంతెకొస్తు వాళ్లు, ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) వాళ్లు పక్కపక్కనే కూర్చుంటారు. కీర్తన ఎత్తుకుంటే ఎవరు ఏ సంఘమో తెలియదు. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి వాళ్లు కలిసి 1947 సెప్టెంబర్ 27న సీఎస్ఐ అయ్యారు. ఆ కలయిక కోసం ఏళ్ల తరబడి పాటుపడిన అజరయ్య 1945 జనవరి 1నే కన్నుమూశాడు.

అపోహ: ఆదివారం ఆరాధనకు పోతే సహవాసం అయిపోయినట్టే.

బైబిల్లో అపొస్తలుల కార్యములు రెండో అధ్యాయంలో తొలి విశ్వాసులు నాలుగింటిలో ఎడతెగక ఉన్నారని ఉంది: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. సహవాసాన్ని విడిగా లెక్కపెట్టారంటే అది ఆరాధనలో దానంతటదే కలిసి వచ్చేది కాదు. అందుకని మా కూడికలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టిన. వచ్చినవాళ్ల పేర్లు అందులో ఉండవు, రానివాళ్లవే రాస్తం. ఆదివారం లోపు ఆ పేర్లున్న ఇళ్లకు ఎవరో ఒకరు పోవాలి. పోయిన వారం రెండు పేర్లున్నాయి. ఒకామె కోడలు బాలింత, చూసి వచ్చిన. రెండో ఆమె ఫోన్ ఎత్తడం లేదు, రేపు పొద్దున ఇంటికే పోతున్న.