నాట్ గురించి అపోహలు – వాస్తవాలు: కెర్నల్ లోపలి సంగతులు

ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లన్నీ ఒకే పబ్లిక్ ఐపీ అడ్రస్‌తో నెట్ వాడుకునేలా రౌటర్ చేసే పనే నాట్. విజయనగరం, బొబ్బిలి, పలాస వైపు చిన్న ఇంటర్నెట్ ఆపరేటర్లకు రౌటర్లు సెట్ చేయడం నా పని. మైక్రోటిక్ పెట్టె పెట్టినా, పాత పీసీని రౌటర్‌గా వాడినా నా చేతికొచ్చేది ఎక్కువగా లినక్స్ కెర్నలే, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయే. కాబట్టి కింద చెప్పేవి దాని లెక్కలు.

అపోహ: నాట్ అంటే ప్యాకెట్‌లో అడ్రస్ మార్చడం, అంతే.

మార్చడం సులువే. ఎవరికి ఏం మార్చామో గుర్తుంచుకోవడం దగ్గరే ఉంది కష్టమంతా. 2001లో వచ్చిన 2.4 కెర్నల్ నుంచి లినక్స్‌లో ఆ పని కన్‌ట్రాక్ టేబుల్‌ది, అంటే నడుస్తున్న కనెక్షన్ల జాబితాది. కనెక్షన్‌లో మొదటి ప్యాకెట్ మాత్రమే నాట్ రూల్స్ దాకా వెళ్తుంది, మిగతావి టేబుల్‌లో ఉన్నదాని ప్రకారం పోతాయి. అందుకే రూల్ మార్చినా నడుస్తున్న కనెక్షన్ పాత దారిలోనే ఉంటుంది. "రూల్ పనిచేయట్లేదండీ" అంటూ రౌటర్ రీబూట్ చేసి ఊరంతటికీ నెట్ ఆపేస్తారు. టేబుల్‌లో ఆ ఒక్క ఎంట్రీ తీసేస్తే సరిపోయేది.

పైగా మార్పు ఒక్కచోట అయిపోదు. టీసీపీ, యూడీపీ చెక్‌సమ్‌లలో (దారిలో తప్పులు పట్టుకోవడానికి ప్యాకెట్‌లో పెట్టే కూడిక అంకెలు) ఐపీ అడ్రస్ కూడా కలిసి ఉంటుంది కాబట్టి అవీ మారాలి. ప్యాకెట్ మొత్తం మళ్లీ కూడక్కర్లేదు, తేడా సర్దితే చాలు. (నాట్ వల్లే నెట్ స్లో అన్న మాట నేను చప్పున నమ్మనిది ఇందుకే.) ఐపీవీ4 యూడీపీలో చెక్‌సమ్ సున్నా ఉంటే అసలు లెక్కే వేయలేదని అర్థం, దాన్ని ముట్టుకోకూడదు. సొంతంగా కెర్నల్ మాడ్యూల్ రాసే కాలేజీ పిల్లలు తేలిగ్గా మరిచిపోయేది ఐసీఎంపీని, అంటే దారిలో తేడా వస్తే పంపినవాళ్లకు కబురు చెప్పే ప్రోటోకాల్‌ని. ఎర్రర్ మెసేజ్ లోపల మొదట పంపిన ప్యాకెట్ హెడర్ ఉంటుంది, దాన్నీ వెనక్కి మార్చాలి. మార్చకపోతే, దారిలో ఎక్కడో 1500 బైట్లు పట్టని లింకు ఉన్నప్పుడు ప్యాకెట్ పెద్దదైందన్న కబురు కస్టమర్ కంప్యూటర్‌కు ఎక్కదు. చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైళ్లు మధ్యలో ఆగిపోతాయి.

అపోహ: ఒక పబ్లిక్ ఐపీకి 65,535 కనెక్షన్లే.

పోర్టు నంబరు (ఒకే అడ్రస్‌లో ఏ కనెక్షనో చెప్పే అంకె) 16 బిట్లే, నిజం. కానీ కెర్నల్ చూసేది ప్రోటోకాల్, రెండు వైపుల అడ్రస్‌లు, రెండు పోర్టులు, ఐదూ కలిపి. పైడితల్లి గుడి దగ్గర చెప్పుల స్టాండులో 40వ టోకెన్, అరసవల్లిలో 40వ టోకెన్ ఒకేసారి ఉన్నా తగువు రాదు కదా. వేర్వేరు సర్వర్లకు ఒకే పోర్టు వాడడమూ అంతే. అందరూ ఒకే సర్వర్‌లో ఒకే పోర్టుకు ఎగబడితేనే ఇబ్బంది. దానికంటే ముందే నిండిపోయేది టేబుల్. ఖాళీగా పడి ఉన్న టీసీపీ కనెక్షన్‌ను లినక్స్ మామూలుగా 5 రోజులు ఉంచుకుంటుంది. 2008 నాటి ప్రమాణం ప్రకారం 2 గంటల 4 నిమిషాలకు తగ్గకపోతే చాలు, నేను అదే పెడతాను.

అపోహ: నాట్ ఉంటే ఫైర్‌వాల్ ఎందుకు?

అన్నిటికన్నా ప్రమాదం దీంతోనే. మాస్కరేడ్ రూల్ (లినక్స్‌లో నాట్ చేసే రూల్) దేన్నీ ఆపదు. ఫార్వర్డ్ పాలసీని (రౌటర్ గుండా పోయే ప్యాకెట్లను ఏం చేయాలో చెప్పేది) యాక్సెప్ట్‌గా వదిలేస్తే, బయటి వైపు అదే సెగ్మెంట్‌లో ఉన్న పక్కింటివాడు మీ రౌటర్‌ని గేట్‌వేగా పెట్టుకుని మీ 192.168 అడ్రస్‌కు ప్యాకెట్ పంపవచ్చు. కెర్నల్ మర్యాదగా లోపలికి చేర్చేస్తుంది.

ఐపీవీ6 వస్తే ఈ గొడవే ఉండదంటారు. పాత ఐపీవీ4 సర్వర్లు ఉన్నన్నాళ్లూ నాట్64 (ఐపీవీ6 వాళ్లను ఐపీవీ4 సర్వర్లతో కలిపే నాట్) కావాలి. అందులో వెళ్లేటప్పుడు 40 బైట్ల ఐపీవీ6 హెడర్ తీసి 20 బైట్ల ఐపీవీ4ది, వచ్చేటప్పుడు 20 బైట్లది తీసి 40 బైట్లది తొడగాలి, అంటే పని పెరిగినట్టే.

ఇక జీడిపప్పు ఫ్యాక్టరీల వాళ్లు తరచూ అడిగేది: "పోర్ట్ ఫార్వర్డ్ చేశాం, సీసీ కెమెరా బయట్నుంచి ఓపెన్ అవ్వట్లేదు." ముందు రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ (ఆపరేటర్ వైపు అడ్రస్) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే ఆపరేటర్ దగ్గర ఇంకో నాట్ ఉందన్నమాట. మీ దగ్గర ఎన్ని రూల్స్ రాసినా లాభం లేదు. పబ్లిక్ ఐపీ అడగండి, లేదా కెమెరా కంపెనీ క్లౌడ్ వాడుకోండి.