నేరుగా అడగండి: క్యాంపస్ ఆత్మహత్యలపై అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో కాలేజీ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. సెమిస్టర్ ఫలితాలు వచ్చిన వారం నా గది ముందు బెంచీ ఖాళీగా ఉండదు. లెక్చరర్లు, వార్డెన్లు, అమ్మానాన్నలు నాతో తరచూ అనే మాటలు కొన్ని ఉన్నాయి. మంచి మనసుతోనే అంటారు. కానీ పిల్లలకు సాయం అందడం వాటి వల్లే ఆలస్యమవుతోంది.

అపోహ: ఆత్మహత్య గురించి అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టే.

వాస్తవం: అడిగినందువల్ల ఆ ఆలోచన పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. నా గదిలో నేను చూసిందీ అదే. పలమనేరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక అబ్బాయిని రూమ్మేట్ బలవంతంగా తీసుకొచ్చాడు (గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను). ఇరవై నిమిషాలు బ్యాక్‌లాగ్‌ల గురించే మాట్లాడాడు. చేతిలో వాటర్ బాటిల్ మూత తిప్పడం, మళ్ళీ బిగించడం. "చచ్చిపోవాలని అనిపిస్తోందా నాయనా?" అని అడిగాను. మూత దగ్గర వేళ్ళు ఆగిపోయాయి. "మీకెట్లా తెలిసింది మేడం?" అన్నాడు. నెల రోజులుగా ఆ మాటను ఒక్కడే మోస్తున్నాడు.

అడిగే తీరు కూడా ముఖ్యం. "పిచ్చి పనులేం చేయవు కదా?" అంటే ఆ బిడ్డ "లేదు" అనడం తప్ప ఇంకేం చెప్పగలడు?

అపోహ: చెప్పేవాళ్ళు చేయరు, ఊరికే బెదిరిస్తారు.

వాస్తవం: ప్రాణం తీసుకున్నవాళ్ళలో చాలామంది ముందే ఎవరికో ఒకరికి ఏదో రూపంలో చెప్పి ఉంటారు. బెదిరింపులా వినిపించినా సాయం అడుగుతున్నారనే తీసుకోండి.

అపోహ: మార్కులు తక్కువొచ్చాయి, అందుకే.

వాస్తవం: పేపర్లో ఒక్క లైనుకు సరిపోయే కారణం అది. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల్లో ఉంది. ఒక్కొక్కరి వెనక అప్పులు, ర్యాగింగ్, కుల అవమానాలు, డిప్రెషన్, ఇంట్లో గొడవలు, ఇలా ఎన్నో కలిసి ఉంటాయి. టాపర్లూ నా దగ్గరికి వస్తారు.

అపోహ: ఎవరికీ చెప్పనని ఏడుకొండలవాడి మీద ఒట్టేశాను, ఇప్పుడెట్లా చెప్పేది?

వాస్తవం: స్నేహితులు కన్నీళ్ళతో అడిగే ప్రశ్న ఇది. ఈ రహస్యం దాచేది కాదమ్మా. ఆ రాత్రి మీ ఫ్రెండ్‌ను ఒంటరిగా వదలకండి. ప్రమాదమనిపించే వస్తువులు గదిలోంచి తీసేయండి. వార్డెన్‌ను లేపండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. పరిస్థితి చేయి దాటుతోందనిపిస్తే తిరుపతిలోని రుయా ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.

అపోహ: ఆసుపత్రికి వెళ్తే పోలీసు కేసవుతుంది.

వాస్తవం: ఈ భయంతో ఇంట్లోనే దాచిపెట్టిన కుటుంబాలను చూశాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. వాళ్ళకు వైద్యం, సంరక్షణ అందించడం ప్రభుత్వ బాధ్యత. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 సెక్షనే లేదు.

అపోహ: కొండకు తీసుకెళ్ళి తలనీలాలు ఇప్పిస్తే సర్దుకుంటుంది.

వాస్తవం: తప్పకుండా వెళ్ళండి, దేవుడి మీద నమ్మకం ధైర్యమిస్తుంది. కొండ దిగాక డాక్టర్‌ను కూడా కలవండి. డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులకే "లాభం లేదు" అని మానేయకండి.

అపోహ: మా కాలేజీలో కౌన్సెలర్ ఉన్నారు, ఇక భయం లేదు.

వాస్తవం: వంద మంది, అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలని సుప్రీంకోర్టు 2025 జులైలో చెప్పింది. విశాఖలో చదువుతూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో ఇచ్చిన తీర్పు అది. అయితే పిల్లలు వచ్చేలా కూడా ఉండాలి కదా! నేను వెళ్ళే ఒక కాలేజీలో ప్రిన్సిపల్ గది పక్కనే నాకు గది ఇచ్చారు, తలుపు మీద పెద్ద బోర్డు పెట్టారు. నెలంతా ఒక్కరూ రాలేదు. బతిమాలి లైబ్రరీ వెనక గదికి మార్పించుకున్నాను. బోర్డు తీయించేశాను. ఆ వారంలోనే నలుగురు వచ్చారు.